ఏ జైల్లో ఉన్నాడు? ములాఖత్ చర్చలో వెనకబడిన ప్రశ్న

ములాఖత్ మీద మన దేశంలో వాదన యాభై ఏళ్ళుగా నడుస్తోంది. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, అద్దం అడ్డు పెట్టాలా వద్దా, వకీలు రాకను ఆ లెక్కలో కలపాలా, వీడియో కాల్ ములాఖత్ కిందికి వస్తుందా అని కోర్టులు, కమిటీలు, జైలు అధికారులు, హక్కుల సంఘాలు తలో మాట అన్నారు. ఈ సందట్లో ఒక ప్రశ్న వెనకబడిపోయింది. కలవాలంటే ముందు మనిషి ఎక్కడున్నాడో తెలియాలి కదా. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాను, అందులోనూ ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న బాగేపల్లి, చింతామణి తాలూకాలను దగ్గర పెట్టుకుని చూస్తే, ములాఖత్ కష్టాల్లో సగం జైలు గేటుకు చేరకముందే మొదలవుతాయని తెలుస్తుంది. ఈ సమీక్ష రెండు ప్రశ్నలనూ కలిపే చూస్తుంది.

సరిహద్దు తాలూకాల లెక్క

చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. బాగేపల్లిలో ఇంట్లో మాట తెలుగు, కచేరీలో కాగితం కన్నడం. 44వ నంబరు జాతీయ రహదారి మీద బాగేపల్లి దాటి కాస్త దూరం పోతే కొడికొండ చెక్‌పోస్టు, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. చింతామణి నుంచి మదనపల్లెకు పాతకాలపు దారి ఉంది. పెళ్ళి సంబంధాలు, సంతలు, టమాటా లారీలు, పట్టుగూళ్ళ బేరాలు, అప్పులు, తగాదాలు అన్నీ ఈ సరిహద్దు గీతకు రెండు పక్కలా సాగుతాయి. కేసులూ అంతే.

బాగేపల్లి మనిషి మీద బాగేపల్లి పోలీసులే కేసు పెడితే సాధారణంగా అతను చిక్కబళ్ళాపురం జైలుకు పోతాడు. పెద్ద కేసు అయినా, జైలు నిండినా, భద్రత కారణం చెప్పినా బెంగళూరు పరప్పన అగ్రహార సెంట్రల్ జైలుకు మార్చవచ్చు. అదే మనిషిని గీత అవతల పట్టుకుంటే హిందూపురం, కదిరి, మదనపల్లె సబ్‌జైళ్ళలో ఏదో ఒకటి, శిక్ష పడితే కడప సెంట్రల్ జైలు. మహిళలకు వేరే జైళ్ళు తక్కువ కాబట్టి వాళ్ళ విషయంలో దూరం ఇంకా పెరుగుతుంది.

వీటన్నిటినీ మించిన చిక్కు పీటీ వారెంట్. ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసు కోసం మరో ఊరి కోర్టు పిలిపించుకునే ఉత్తర్వు ఇది. తెలుగు పత్రికలు పీటీ వారెంట్ అని రాస్తాయి, కర్ణాటక పోలీసులు బాడీ వారెంట్ అంటారు. ఒక కేసులో బెయిలు వచ్చిందని ఇంటివాళ్ళు పూచీదారులను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి, మనిషి రాష్ట్రం దాటి ఇంకో జైల్లో ఉండవచ్చు. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. అయితే ఆ సంగతి ఇంటికి చెప్పాల్సింది ఎవరు అంటే, ఆ పని ఎవరి నెత్తినా స్పష్టంగా లేదు.

దూరం సంగతీ ఒక మాట చెప్పాలి. బాగేపల్లి నుంచి బెంగళూరు దాదాపు 100 కిలోమీటర్లు. పరప్పన అగ్రహార నగరానికి ఆ చివర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉంది. ఉత్తరాన్నుంచి వచ్చేవాళ్ళు ఊరంతా దాటితే గానీ గేటు కనపడదు. అర గంట మాటకు ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ళ కూలి కూడా పోతాయి. జైలు నియమావళిలో ఈ ఖర్చుకు పద్దు లేదు.

రెండు నియమావళుల నేల

ఈ ప్రాంతానికి జైలు చట్టం రెండు దారుల్లో వచ్చింది. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ బ్రిటిష్ ఇండియాది. అనంతపురం, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి అది నేరుగా అక్కడ అమలైంది. కోలారు సీమ మైసూరు మహారాజుది, దానికి వేరే ఏర్పాట్లు. రాష్ట్రాలు ఏర్పడ్డాక కూడా దారులు కలవలేదు. కర్ణాటక 1963లో సొంత జైళ్ళ చట్టం, 1974లో నియమాలు చేసుకుంది, 2021లో కొత్త మాన్యువల్ తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1979 నాటి జైలు నియమాలు 1894 చట్టం నీడలోనే వచ్చాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు జైళ్ళను రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి కేంద్రం నమూనాలు పంపగలదు, పాటించమని బలవంతపెట్టలేదు. 2016 నమూనా మాన్యువల్, 2023 నమూనా చట్టం రెండూ ఆ కోవలోవే.

1894 చట్టం 40వ సెక్షన్‌ను ఇప్పుడు చదివినా ఆశ్చర్యం వేస్తుంది. విచారణలో ఉన్న ఖైదీలు ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్ళను తగిన వేళల్లో లోపలికి రానివ్వాలని, వకీలుతో మాట్లాడేటప్పుడు వీలైనంతవరకు మూడో మనిషి ఉండకూడదని అది చెప్పింది. వలస పాలకులు రాసిన ఈ వాక్యం తర్వాతి కాలపు చాలా రాష్ట్రాల నియమాల కన్నా ఉదారమైనది. దాని పక్కనే ఉన్న 41వ సెక్షన్, వచ్చినవాళ్ళ పేరూ ఊరూ అడగడానికి, సోదా చేయడానికి జైలరుకు అధికారం ఇచ్చింది. ఆచరణలో గట్టిగా నిలబడింది ఈ రెండోదే.

1919-20 నాటి జైళ్ళ కమిటీ శిక్షతో పాటు ఖైదీని సంస్కరించడం కూడా జైలు పనేనని తేల్చింది. 1980లో వేసిన జస్టిస్ ముల్లా కమిటీ జైళ్ళ సంస్కరణపై 1983లో నివేదిక ఇచ్చింది. 2016 నమూనా మాన్యువల్ ప్రకారం ఖైదీకి పదిహేను రోజులకోసారి ములాఖత్, ఒకసారికి మామూలుగా ముగ్గురికి మించకుండా, అర గంటకు లోబడి. జైల్లో చేరేటప్పుడే తనను కలవడానికి ఎవరెవరు వస్తారో ఖైదీ జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలో లేని మేనమామో, ఊరి పెద్దో వస్తే గేటు దగ్గరే చర్చ మొదలవుతుంది.

మనిషిని వెతికే దారి

అరెస్టు సమయానికి సంబంధించి మన చట్టం ఇప్పుడు బలంగానే ఉంది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పునాది. అరెస్టు మెమో రాయాలి, బంధువుకో స్నేహితుడికో చెప్పాలి, వాళ్ళు వేరే జిల్లాలో ఉంటే 8 నుంచి 12 గంటల్లో న్యాయసహాయ సంస్థ ద్వారా, ఆ ప్రాంతపు స్టేషను ద్వారా కబురు అందాలి. సరిహద్దు తాలూకాలకు ఈ చివరి షరతు అచ్చంగా అతికినట్టు ఉంటుంది. తర్వాత ఇవి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి వచ్చాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషనులో, ప్రతి జిల్లాలో అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టరుకు తగ్గని ఒక అధికారి అరెస్టయినవాళ్ళ పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు ఉంచుకోవాలి, డిజిటల్‌గా సహా అందరికీ కనిపించేలా పెట్టాలి. 48వ సెక్షన్ బంధువులకు చెప్పమంటుంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం మాట. 2016 నాటి యూత్ బార్ అసోసియేషన్ తీర్పు తర్వాత, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి.

కాబట్టి వెతికేవాళ్ళకు ఒక వరుస ఉంది. స్టేషను, ఎఫ్ఐఆర్ నంబరు, రిమాండ్ చేసిన కోర్టు, రిమాండ్ వారెంట్ మీద రాసిన జైలు పేరు. ఈ-కోర్ట్స్ సైటులో ఎఫ్ఐఆర్ నంబరుతోనో, పేరుతోనో కేసు వెతికి తర్వాతి వాయిదా ఎప్పుడో చూడవచ్చు. ఏదీ కుదరకపోతే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థను అడగాలి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయాలి. ఉచిత సహాయమే. పోలీసులు పట్టుకుపోయిన సంగతే ఒప్పుకోకపోతే మిగిలేది హైకోర్టులో హెబియస్ కార్పస్.

ఆ చివరి ఆయుధం విలువ తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ అనుమానితులను తీసుకుపోయారని తెలిసిన రోజే కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివాళ్ళు పౌరహక్కుల సంఘం తరఫున హైకోర్టు తలుపు తట్టేవారు. కోర్టు అడిగితే పోలీసులు మనిషిని చూపించక తప్పదు. పొరుగున కేరళలో 1976లో ఇంజనీరింగు విద్యార్థి రాజన్‌ను తీసుకుపోయాక అతని తండ్రి ఈచర వారియర్ ఎమర్జెన్సీ అంతా వెతికి, అది ముగిశాక వేసిన పిటిషన్‌లోనే కొడుకు పోలీసుల చేతిలో చనిపోయిన నిజం బయటికి వచ్చింది. ఎక్కడున్నాడు అన్న ప్రశ్నకు జవాబు రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఈ బలమంతా అరెస్టు దగ్గరే ఆగిపోతుంది. రిమాండ్ దాటి మనిషి జైలు శాఖ చేతికి వెళ్ళాక, ఒక జైలు నుంచి మరో జైలుకు మార్చినప్పుడు ఇంటికి చెప్పే బాధ్యత పలచబడుతుంది. నియమాలు ఎక్కువగా ఖైదీ ఉత్తరం రాసుకునే వీలు గురించి మాట్లాడతాయి. రాయడం రానివాడికి, రాసినా చదివే మనిషి ఇంట్లో లేనివాడికి ఆ వీలు ఎంతవరకు పనికొస్తుందో వేరే చెప్పాలా? 2015లో సవరించిన ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాల్లో 68వది, జైలుకు వచ్చినా జైలు మారినా వెంటనే ఇంటికి తెలియజేసే హక్కు ఖైదీకి ఉందని చెబుతుంది. 59వది ఖైదీని వీలైనంతవరకు ఇంటికి దగ్గరి జైల్లో ఉంచమంటుంది.

భద్రత మాట

జైలు అధికారుల వాదాన్ని తేలిగ్గా తీసిపారేయడం హక్కుల పక్షానికి అలవాటు. అది సరికాదు. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుపై 1977 మేలో ప్రత్యర్థులు బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు, ఆయన కొడుకు గాయాలతో బయటపడ్డాడు. ఆ కొడుకు వేసిన కేసులో, చల్లా రామకృష్ణారెడ్డి తీర్పుగా పేరొందినదానిలో, ఖైదీ ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. కక్షలున్న సీమలో సబ్‌జైలు గేటు తెరవడమంటే ఏమిటో జైలరుకు తెలుసు. ములాఖత్ గదిలోంచి గంజాయి, సిమ్‌కార్డులు, బెదిరింపులు లోపలికీ బయటికీ పోతాయన్నది వాళ్ళ రెండో మాట. పరప్పన అగ్రహారలో సెల్‌ఫోన్లను ఆపడానికి జామర్లు పెడితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ ఫోన్లు పనిచేయడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి.

సాక్షుల భయం కూడా ఈ వాదంలో భాగమే. చింతామణి తాలూకాలోని కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవదహనం చేశారు. సాక్షులు ఎదురు తిరిగారు, 2006లో నిందితులు విడుదలయ్యారు, 2014లో హైకోర్టూ దాన్నే ఖాయం చేసింది. సాక్షి మీద ఒత్తిడి ములాఖత్ గదిలోంచే వస్తుందని కాదు. ఊళ్ళో బలం ఉన్నవాడికి ఆ గదితో పనే లేదు. అయినా బాధితుల వైపు నుంచి చూస్తే, నిందితుడు ఎవరెవరిని కలుస్తున్నాడు, ఏ జైల్లో ఉన్నాడు, ఎప్పుడు బయటికి వస్తున్నాడు అన్నవి ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు.

భద్రత వాదంలో బలహీనత వేరే చోట ఉంది. అది అందరికీ ఒకే కొలత వాడదు. దీని గురించి తర్వాత వస్తుంది.

హక్కుల మాట

ఈ పక్షం గ్రంథం పెద్దది, తెలుగు నేలకు అందులో మంచి వాటా ఉంది. విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడల మీద కరెంటు తీగలు పెట్టారని నక్సలైట్ ఖైదీలు వేసిన కేసులో 1974లో సుప్రీంకోర్టు వాళ్ళడిగింది ఇవ్వలేదు. ఇవ్వకపోయినా, జైలుకు పోయినంత మాత్రాన మనిషి హక్కులన్నీ పోవని చెప్పింది. ఓడిపోయిన కేసు తర్వాతివాటికి మెట్టు కావడం న్యాయచరిత్రలో అరుదేమీ కాదు. 1979 డిసెంబరులో సునీల్ బాత్రా రెండో తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, ఒంటరితనంలో ఉన్న ఖైదీకి అయినవాళ్ళ రాక ఊరట అని, దాన్ని అకారణంగా అడ్డుకోవడం అమానుషమని రాశారు.

1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ కేసు లెక్కల్లోకి దిగింది. ముందస్తు నిర్బంధంలో ఉన్న ఆ మహిళ సోదరినీ, ఐదేళ్ళ కూతుర్నీ నెలకు ఒక్కసారే చూడవచ్చని, వకీలుతో మాట్లాడాలంటే కస్టమ్స్ అధికారి పక్కనుండాలని నియమం. విచారణ ఖైదీలకు వారానికి రెండుసార్లు ఇస్తూ ఈమెకు నెలకోసారా అని జస్టిస్ భగవతి ధర్మాసనం ఆ నియమాన్ని కొట్టేసింది. అయినవాళ్ళను కలుసుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్న మాట ఇక్కడి నుంచే స్థిరపడింది. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో తల్లుల వెంట జైల్లో పెరిగే పిల్లల గురించి మార్గదర్శకాలు వచ్చాయి. 2017 సెప్టెంబరులో 1,382 జైళ్ళ స్థితిగతులపై ఇచ్చిన తీర్పులో, ములాఖత్‌ల సంఖ్యా సమయమూ పెంచే ఆలోచన చేయమని, ఫోను, వీడియో సౌకర్యాలు ఖైదీకీ వకీలుకూ మధ్య కూడా చూడమని సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు సూచించింది.

అయితే దారి ఒకే వైపు సాగలేదు. ఇంటివాళ్ళ రాకా వకీళ్ళ రాకా కలిపి వారానికి రెండుసార్లకు పరిమితం చేసిన ఢిల్లీ నియమాన్ని 2023లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. జైళ్ళు కిక్కిరిసి ఉన్నాయి, సిబ్బంది తక్కువ, ఇది విధాన నిర్ణయం అన్నది కోర్టు తర్కం. 1894 చట్టమే వేరుచేసి చూసిన వకీలును చుట్టాల లెక్కలో కలపడం నాకు వెనకడుగుగానే కనిపిస్తోంది. దేశంలోని ఖైదీల్లో 2022 లెక్కల ప్రకారం 75.8 శాతం మంది ఇంకా నేరం రుజువు కానివాళ్ళే అయినప్పుడు, వకీలును కలిసే పని చుట్టరికం కాదు.

బాగుపడే మాట

మూడో పక్షం వాదన సూటిగా ఉంటుంది. బయట ఎదురుచూసేవాళ్ళున్న మనిషి బయటికి వచ్చాక నిలదొక్కుకుంటాడు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర జైళ్ళ శాఖ 2003-07 మధ్య విడుదలైన 16,420 మందిని పరిశీలించి, 2011లో వెలువరించిన అధ్యయనంలో ములాఖత్‌లు ఉన్నవాళ్ళకు మళ్ళీ తీవ్ర నేరానికి శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువని తేల్చింది. కుటుంబం గట్టిగా ఉన్నవాడి దగ్గరికే జనం వస్తారు కాబట్టి ఫలితం కుటుంబానిదా ములాఖత్‌దా అన్న అనుమానం ఉండనే ఉంటుంది. పంజాబ్ 2022 సెప్టెంబరులో మొదలుపెట్టిన కుటుంబ ములాఖత్ పథకం, భార్యాభర్తలు ఏకాంతంగా కలుసుకునే వీలు కల్పించి ఈ వాదాన్ని దేశంలో అందరికన్నా దూరం తీసుకుపోయింది. చిక్కబళ్ళాపురం వంటి చోట చర్చ ఇంకా చాలా ముందటి దశలోనే ఉంది. చెట్టు నీడా, తాగే నీళ్ళూ ఉన్న వెయిటింగ్ షెడ్డు దాకా వస్తే అదే పదివేలు.

తెర మీది ములాఖత్

2020 మార్చిలో కరోనా కారణంగా జైలు గేట్లు మూసుకున్నాక ఈ-ములాఖత్ ఒక్కసారిగా ముందుకు వచ్చింది. జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం నడిపే ఈ-ప్రిజన్స్ వ్యవస్థలో భాగం అది. ఇంటి నుంచే పేరు, గుర్తింపు కార్డు నంబరు ఇచ్చి, నేరుగా వస్తారో వీడియోలో మాట్లాడతారో ఎంచుకోవచ్చు. బాగేపల్లి నుంచి పరప్పన అగ్రహారకు ఒక రోజు పోయే పని అరచేతిలో అయిపోతే సంతోషమే.

కానీ ఆ ఫారం అడిగే వివరాల్లో ఏ రాష్ట్రం, ఏ జైలు అన్నవి కూడా ఉన్నాయి. అంటే ఎక్కడున్నాడో ముందే తెలిసినవాళ్ళకే అది పనికొస్తుంది. విడ్డూరమేమిటంటే, జవాబు ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది. ఐసీజేఎస్ అనే వ్యవస్థ పోలీసుల, కోర్టుల, జైళ్ళ సమాచారాన్ని ఒకే తాటికి కట్టింది. ఒక రాష్ట్రపు పోలీసు మరో రాష్ట్రపు జైల్లో ఎవరున్నారో వెతుక్కునే వీలు కోసమే దాన్ని కట్టారు. కన్నతల్లికి ఆ వీలు లేదు.

వీడియోకు ఇంకో పక్క ఉంది. వెనకటి రోజుల్లో వాయిదాకు ఖైదీని కోర్టుకు తెచ్చేవాళ్ళు. చింతామణి కోర్టు వరండాలోనో, జీపు దగ్గరో ఇంటివాళ్ళు నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళు. ఏ నియమావళిలోనూ లేని ఈ ములాఖత్ పేదవాళ్ళకు చాలా చోట్ల అసలైన ములాఖత్. ఎక్కడున్నాడో తెలియకపోయినా వాయిదా తేదీ తెలిస్తే చాలు. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరపవచ్చని చట్టం ఒప్పుకున్నాక ఆ వరండా తగ్గిపోయింది. పోలీసు ఎస్కార్టు ఖర్చు మిగిలింది, ఇంటివాళ్ళకు ఒక దారి మూసుకుంది. దీన్ని ఎవరూ ములాఖత్ తగ్గింపుగా లెక్కవేయలేదు.

అమెరికాలో ఈ దారి ఎక్కడికి పోయిందో చూశాం. ప్రిజన్ పాలసీ ఇనిషియేటివ్ అనే సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం, వీడియో పెట్టుకున్న స్థానిక జైళ్ళలో 74 శాతం ముఖాముఖి కలవడాన్నే ఎత్తేశాయి. వీడియోకు డబ్బులు వసూలు చేసే కంపెనీలు లాభపడ్డాయి. మన దగ్గర వీడియో ఉచితమే. అయినా వీడియో ఉంది కదా అని గేటు దగ్గర సమయం కుదించే ప్రలోభం ఏ శాఖకైనా ఉంటుంది.

ఫోను ప్రాణం నిలిపిన సందర్భమూ ఉంది. నవీ ముంబయి తలోజా జైల్లో ఉన్న కవి వరవరరావు 2020 జూలైలో హైదరాబాదులోని ఇంటికి చేసిన ఫోనులో పొంతన లేకుండా మాట్లాడడంతో ఆయన ఆరోగ్యం ఎంత చెడిందో కుటుంబానికి తెలిసింది. వాళ్ళు పత్రికల ముందుకు వచ్చాకే ఆస్పత్రికి తరలింపు, అక్కడ కరోనా నిర్ధారణ, 2021 ఫిబ్రవరిలో వైద్య కారణాల బెయిలు. వేరే రాష్ట్రంలో, వేరే భాషలో నడిచే జైల్లో మనిషి ఉన్నప్పుడు వారానికో ఫోను కాల్ వైద్య పరీక్ష పని కూడా చేస్తుందన్నమాట. బెంగళూరు సెంట్రల్ జైల్లో ఉబ్బసంతో బాధపడిన స్నేహలతా రెడ్డికి 1976లో ఆ భాగ్యం లేదు. తెలుగు కవి పఠాభి భార్య, నటి అయిన ఆమె 1977 జనవరిలో పెరోలుపై బయటికి వచ్చి అయిదు రోజుల్లోనే కన్నుమూశారు. ఇప్పుడు ఆ జైలు స్థలం ఫ్రీడమ్ పార్క్.

పేరున్నవాళ్ళు, పేరులేనివాళ్ళు

తెలుగు ఇళ్ళలో ములాఖత్ అన్న మాట టీవీ ద్వారా బాగా నలిగింది. 2012-13లో జగన్ చంచల్‌గూడలో ఉన్నప్పుడు ఒకసారి, 2023 సెప్టెంబరులో చంద్రబాబు రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉన్నప్పుడు మరోసారి. సెప్టెంబరు 14న ములాఖత్ ముగించుకుని వచ్చిన పవన్ కల్యాణ్ జైలు బయటే పొత్తు ప్రకటించారు. అర గంట మాట ఒక రాష్ట్ర రాజకీయాన్ని మార్చగలదని అందరూ చూశారు.

కర్ణాటకలో చర్చ ఇంకో రకంగా నలిగింది. పరప్పన అగ్రహారలో తమిళనాడు నాయకురాలు శశికళకు ప్రత్యేక సౌకర్యాలు అందుతున్నాయని, అందుకు లంచం చేతులు మారిందన్న మాట ఉందని 2017 జూలైలో అప్పటి జైళ్ళ డీఐజీ డి. రూప నివేదిక ఇచ్చి దుమారం లేపారు. 2024 ఆగస్టులో నటుడు దర్శన్ అదే జైలు పచ్చికలో కుర్చీలో కూర్చుని సిగరెట్టు పట్టుకున్న ఫొటో బయటికి వచ్చింది, ఆయన్ను బళ్ళారి జైలుకు మార్చారు. ఆ మార్పు వాహనం బయల్దేరక ముందే రాష్ట్రమంతటికీ తెలుసు. చిక్కబళ్ళాపురం జిల్లాలోని గుడిబండ కూలివాడి కొడుకును అదే దారిలో మార్చి ఉంటే ఇంటికి తెలియడానికి వాయిదా దాకా ఆగాల్సి వచ్చేది.

ఆ కూలివాడి కొడుకు మీదే నాలుగు వాదాలనూ పెట్టి చూస్తే తేడా తేలిగ్గా కనిపిస్తుంది. భద్రత పక్షం అతన్ని ఎందుకు మార్చామో చెప్పనక్కర్లేదంటుంది, ఎందుకంటే ముందే చెబితే దారి కాసేవాళ్ళుంటారు. హక్కుల పక్షం అతనికి ములాఖత్ హక్కు ఉందని గట్టిగా చెబుతుంది, తండ్రి చేతిలో జైలు పేరున్న చీటీ మాత్రం పెట్టలేదు. సంస్కరణ పక్షం తండ్రి రావడమే కొడుకుకు మందు అంటుంది, బస్సు చార్జీల ప్రస్తావన తేదు. సాంకేతిక పక్షం ఫారం నింపమంటుంది, అందులో జైలు గడి ఖాళీగా ఉంటుంది. ఒక్కో వాదమూ తన మేరకు నిజమే. నాలుగూ కలిసి కూడా మార్పు జరిగాక ఒక ఫోను చేయించలేకపోతున్నాయి. ముందే చెప్పొద్దన్న భద్రత అభ్యంతరం, చేరాక చెప్పడానికి వర్తించదు.

పేరు అందరికీ చూపాలా?

అమెరికాలో ఫెడరల్ జైళ్ళూ చాలా రాష్ట్రాల జైళ్ళూ ఖైదీ ఎక్కడున్నాడో ఎవరైనా వెతుక్కునే పేజీలు పెట్టాయి. లూయీవిల్‌లో 1993లో బెయిలుపై వచ్చిన ఒకతను బాధితురాలిని చంపాక, ఖైదీ విడుదలైతే బాధితులకు కబురు చేసే వైన్ వ్యవస్థ 1994లో అక్కడి నుంచే మొదలైంది. ఇవి ఇక్కడికీ తెస్తే సరిపోతుందా?

నాకు అంత సులువనిపించదు. విచారణ ఖైదీ ఇంకా నిర్దోషే. చిన్న ఊళ్ళో ఒకసారి జైలు జాబితాలో పడిన పేరు కేసు కొట్టేశాక కూడా చెరగదు, చెల్లెలి పెళ్ళి సంబంధం దగ్గర తేలుతుంది. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. అమెరికాలో అరెస్టు ఫొటోలు ప్రచురించి, తీసేయడానికి డబ్బులడిగే సైట్లు పుట్టుకొచ్చిన సంగతీ మరవకూడదు. మన 37వ సెక్షన్ అరెస్టు పేర్లను అందరికీ కనిపించేలా పెట్టమనడంలో కూడా ఈ ఇబ్బంది దాగి ఉంది. పోలీసులు మనిషిని మాయం చేయకుండా కాపాడే పద్ధతే అతని పరువునూ బజారున పెడుతుంది.

బాధితుల హక్కు దీనికి మూడో కొస. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఎ సెక్షన్, బెయిలుతో సహా ప్రతి విచారణకూ ముందుగా బాధితులకు తెలపాలంటుంది. కంబాలపల్లి వంటి ఊళ్ళకు ఈ సెక్షన్ అవసరం ఎంతో చెప్పక్కర్లేదు. కాబట్టి అందరికీ తెరిచిన జాబితా కన్నా, ఖైదీ తాను ఇచ్చిన ములాఖత్ జాబితాలోని వాళ్ళకూ, కేసులోని బాధితులకూ విడివిడిగా, తగినంత మేరకు కబురు అందే పద్ధతి మేలు. మొదటివాళ్ళకు జైలు పేరు చాలు, కేసు వివరం అక్కర్లేదు. రెండోవాళ్ళకు విడుదల సంగతి చాలు, జైలు గది సంగతి అక్కర్లేదు.

ఇంకా తేలనివి

వకీలును ములాఖత్ లెక్కలో కలపడం సరైనదేనా అన్నది సుప్రీంకోర్టు స్పష్టంగా విడమరచాల్సిన విషయం. వీడియో కాల్ నేరు ములాఖత్‌కు అదనమా, బదులా అన్నది రాష్ట్రాల నియమాల్లో సూటిగా రాయాలి. వాయిదాలు తెర మీదికి పోయాక కోర్టు వరండాలో పోయినదాన్ని ఎక్కడ పూడ్చాలో ఎవరూ ఆలోచించలేదు. ఇంటికి దగ్గరి జైలు అన్న మండేలా నియమం సరిహద్దు తాలూకాలో చిత్రంగా తయారవుతుంది. గీతకు దగ్గరి పల్లెవాళ్ళకు సొంత రాష్ట్రపు సెంట్రల్ జైలు కన్నా పక్క రాష్ట్రపు సబ్‌జైలే దగ్గర. రెండు రాష్ట్రాల మధ్య ఖైదీలను మార్చే చట్టం 1950 నుంచే ఉన్నా అది శిక్ష పడినవాళ్ళను దృష్టిలో పెట్టుకున్నది, విచారణలో ఉన్నవాళ్ళకు పెద్దగా ఉపయోగపడదు.

మార్పు కబురు విషయం వీటన్నిటికన్నా చిన్నది, ఖర్చు తక్కువది. దానికి పార్లమెంటూ సుప్రీంకోర్టూ అక్కర్లేదు. ఖైదీ ఇచ్చే ములాఖత్ జాబితాలో ఫోను నంబర్లకు ఒక గడి, ఖైదీని దించుకున్న జైలు ఆ నంబర్లకు తెలుగులోనో కన్నడంలోనో సందేశం పంపాలన్న ఒక నియమం, పంపినట్టు రిజిస్టరులో ఒక సంతకం. ఇవి బెంగళూరులోనూ అమరావతిలోనూ జైళ్ళ శాఖలు తమ మాన్యువళ్ళలో చేర్చుకోదగినవే. పీటీ వారెంట్ మీద గీత దాటిన ఖైదీ విషయంలో మాత్రం పంపిన జైలు కబురు చేయాలా, దించుకున్న జైలు చేయాలా అన్నది రెండు శాఖలూ కూర్చుని తేల్చుకోవాలి.